ప్రభువుల సభలో వీధి గొంతు

లండన్‌లో థేమ్స్ నది ఒడ్డున, పాతకోట పక్కన టవర్ హిల్ అని ఒక మిట్ట ఉంది. ఒకప్పుడు రాజద్రోహం నేరం మోపి అక్కడే జనం చూస్తుండగా తలలు నరికేవారు. 20వ శతాబ్దం వచ్చేసరికి ఆ చోటు మాటల కోసం మిగిలింది. బుధవారం మధ్యాహ్నం భోజనాల వేళకు రేవు కూలీలు, పక్క వీధుల్లోని కంపెనీల గుమాస్తాలు, పనిలేక తిరిగేవాళ్ళు అక్కడ పోగయ్యేవారు. నల్లటి పొడుగాటి అంగీ తొడుక్కున్న పాస్టరు ఒకాయన గోడెక్కి నిలబడేవారు. చేతిలో కాగితం ఉండేది కాదు. నాలుగు మాటలు చెప్పేలోపు కింద నుంచి ఎవరో ఒకరు అడ్డు తగిలేవారు. అసలు సభ అక్కడ మొదలయ్యేది.

గోడెక్కినా గోడమీద పిల్లివాటం మాత్రం ఆయనకు తెలియదు. ఆయన పేరు డొనాల్డ్ సోపర్. 1920లలో, ఇరవై దాటిన కొత్తలో ఆ గోడెక్కారు. తొంభై దాటి కాళ్ళు మొరాయించినా బయటి సభలు మానలేదు, చక్రాల కుర్చీలో వచ్చి మాట్లాడారు. ఈ మధ్యలో 1965లో ఆయన్ని బ్రిటిష్ పార్లమెంటు ఎగువసభ అయిన ప్రభువుల సభకు పంపారు. అలా వీధి పాస్టరు లార్డ్ సోపర్ అయ్యారు. 33 ఏళ్ళు అక్కడ మాట్లాడి, 1998 డిసెంబరు 22న, 95 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. నిండు జీవితం గడిపి వెళ్ళిన మనిషి గురించి విలపించనక్కర్లేదు. ఆయనతో పాటు వెళ్ళిపోయిన ఒక మాటతీరు ఉంది. ఈ నాలుగు మాటలూ ముఖ్యంగా దానికోసం.

ఆయన మెథడిస్టు. తెలుగువారికి ఈ క్రైస్తవ శాఖ మరీ పరాయిది కాదు. మెదక్‌లో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన పెద్ద చర్చిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆ సంఘం పంపిన మిషనరీయే. కరువు రోజుల్లో ఆ కట్టడం పని చుట్టుపక్కల ఊళ్ళకు కూలీ పెట్టిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. ఇంగ్లండులో చర్చిలు ఆయనకు తలుపులు మూసేస్తే, 1739లో బ్రిస్టల్ పరిసరాల్లో బయలులోనే నిలబడి బొగ్గుగని కార్మికులకు బోధించారు. కాబట్టి సోపర్ గోడెక్కడం ఆ వంశంలో పుట్టినవాడు చేసే పనే, కొత్త వింతేమీ కాదు. పెద్ద చదువులకు మాత్రం ఆయనకు కొదవ లేదు. కేంబ్రిడ్జ్‌లో చదివి, లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో డాక్టరేట్ పుచ్చుకున్నారు. అంత చదువూ కింద నిలబడ్డవాడికి అర్థమయ్యే భాషలోకి దించడమే తన పని అనుకున్నారు.

1936 నుంచి 1978 దాకా, నాలుగు దశాబ్దాలు, ఆయన మందిరం కింగ్స్‌వే హాల్. సంగీతం ఎరిగినవారికి ఆ పేరు వేరే కారణం చేత తెలుస్తుంది. డెక్కా, ఇ.ఎం.ఐ. కంపెనీలు పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రికార్డు చేయడానికి ఏరికోరి ఆ హాలుకు వచ్చేవి. ఆ గోడల మధ్య నాదం అంత గొప్పగా పలికేది. చిక్కల్లా కింద సొరంగంలో నడిచే పికడిలీ లైను రైలుతోనే. వాయిద్యాలు నెమ్మదించిన చోట దాని గుడగుడ రికార్డుల్లో ఇప్పటికీ వినిపిస్తుంది. ఆదివారం అదే హాల్లో ప్రార్థన. మిగతా రోజుల్లో ఆ మిషన్ తరఫున తాగుడుకు బానిసలైనవారికి ఆశ్రయం, పెళ్ళికాకుండా తల్లులైన ఆడపిల్లలకు నీడ. ప్రభువుల సభలో సోపర్ బీదల గురించి మాట్లాడితే ఆ మాటకు తూకం ఎక్కడి నుంచి వచ్చేదో తెలియాలంటే ముందుగా ఈ హాలు తెలియాలి. ఇళ్ళు లేనివారి కోసం పనిచేసే షెల్టర్ సంస్థకు 1970లలో అధ్యక్షత వహించినప్పుడు కూడా ఆయన ముందర కాగితం లెక్కల కన్నా మనుషుల ముఖాలే ఎక్కువ ఉండి ఉంటాయి.

యుద్ధం వద్దన్నది ఆయన జీవితమంతా పట్టుకున్న మాట. డిక్ షెపర్డ్ అనే పాదిరి మొదలుపెట్టిన శాంతి ప్రతిజ్ఞా సంఘంలో చేరారు. హిట్లరు కాలంలోనూ మాట మార్చలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ కారణంగానే బి.బి.సి. ఆయన్ని రేడియోలోకి రానివ్వలేదు. ఆ నిషేధం ఆయనకు ఒక రకంగా మేలే చేసిందని నాకనిపిస్తుంది. రేడియోలో మాట్లాడేవాణ్ణి ఎవరూ అడ్డుకోరు. రేడియో దొరకని పాస్టరుకు, ఎవరైనా నిలబడి మాట్లాడగల హైడ్ పార్కు మూలన ఆదివారం జనం, టవర్ హిల్ మీద బుధవారం జనం ఉన్నారు. బాంబులు పడుతున్న నగరంలో, కొడుకుల్ని యుద్ధానికి పంపిన తల్లిదండ్రుల ఎదుట నిలబడి యుద్ధం తప్పని చెప్పాలంటే గుండె ధైర్యం ఒక్కటీ చాలదు. ఎదుటివాడి కోపం న్యాయమైనదేనని లోపల ఒప్పుకునే వినయం కూడా ఉండాలి. వాదించుకుంటూనే కలిసి ఉండగలగడం ఒక చెలిమి అని ఆయన నమ్మారు.

చమత్కారం ఆయనకు ఊతకర్ర. ఆత్మ ఆత్మ అంటున్నావే, అది ఏ ఆకారంలో ఉంటుందయ్యా అని ఒకడు కింద నుంచి అడిగాడట. కోలగా, నాలుగు మూలలతో అని క్షణం తడుముకోకుండా జవాబిచ్చి తర్వాతి ప్రశ్నకు వెళ్ళిపోయారని చెప్పుకుంటారు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చకుండా నవ్వించి, ఆ నవ్వు ఆగేలోపు అసలు మాట చెప్పేయడం ఏళ్ళ తరబడి ఎండలో వానలో నిలబడితేగాని పట్టుబడని విద్య.

అలాంటి మనిషి ప్రభువుల సభకు ఎలా చేరారన్నది కొంచెం వివరంగా చెప్పాలి. ఇంగ్లండు అధికారిక చర్చికి ఆ సభలో 26 మంది బిషప్పుల స్థానాలు హక్కుగా ఉన్నాయి. కాంటర్‌బరీ, యార్క్ ఆర్చిబిషప్పులు, లండన్, డరమ్, వించెస్టర్ బిషప్పులు పదవి రీత్యా కూర్చుంటారు. తెల్లటి వెడల్పు చేతుల అంగీలతో వాళ్ళొచ్చి కూర్చుంటే సభలో వాళ్ళ బెంచీ వేరుగా కనిపిస్తుంది. రోజూ సభ మొదలయ్యేది వాళ్ళలో ఒకరు చదివే ప్రార్థనతోనే. మెథడిస్టులకు అలాంటి హక్కేమీ లేదు. వంశపారంపర్యంగా కాకుండా ఆ మనిషి జీవితకాలానికి మాత్రమే సభ్యత్వం ఇచ్చే చట్టం 1958లో వచ్చింది. ఆ దారిన, ప్రధాని హెరాల్డ్ విల్సన్ హయాంలో, సోపర్ లేబర్ పార్టీ బెంచీల్లో కూర్చున్నారు. ఆ సభలో అడుగుపెట్టిన తొలి మెథడిస్టు పాస్టరు ఆయనే. సామ్యవాది అయిన ఆయనకు, తాతల నుంచి వచ్చిన బిరుదుతో చట్టాలు చేయడమన్నది ఎన్నడూ మింగుడుపడలేదు. చచ్చాక కూడా బతుకుంటుందనడానికి ఈ సభే సాక్ష్యమని ఆయన ఆడిన పరిహాసాన్ని ఇప్పటికీ చెప్పుకుంటారు. అయినా వెళ్ళారు. మాట్లాడటానికి ఇంకొక చోటు దొరికితే వదులుకునే మనిషి కాదాయన.

ఆ సభ పద్ధతులు విచిత్రంగా ఉంటాయి. మాట్లాడేవారు సంబోధించేది అధ్యక్ష స్థానాన్ని కాదు, సాటి సభ్యులందరినీ. ఉన్ని కుక్కిన ఎర్రటి దిండులాంటి ఆసనం మీద కూర్చున్నాయనకు కేకేసి కూర్చోబెట్టే అధికారం లేదు. మర్యాద ఎవరికి వారే కాపాడుకోవాలి. కాగితం చూసి ప్రసంగం చదవడం సభ ఆచారానికి విరుద్ధమని వాళ్ళే తీర్మానించుకున్నారు. ఈ ఆఖరి నియమం చాలామందికి నామమాత్రం. సోపర్ విషయంలో దాన్ని ఎవరూ గుర్తుచేయనక్కర్లేకపోయింది. టవర్ హిల్ మీద కాగితం తీస్తే గాలికి ఎగిరిపోతుంది, లేకపోతే జనమే ఎగతాళి చేస్తారు.

ఆయన అక్కడ ఎత్తుకున్న విషయాలు కొత్తవి కావు. అణ్వస్త్రాలు, యుద్ధం, మద్యం, జూదం, గూడు లేనివాళ్ళు, జంతువుల వేట. క్రూర క్రీడల నిషేధం కోరే సంఘానికి ఆయన చాలాకాలం అధ్యక్షులు. నక్కల వేటను తరతరాలుగా తమ ఇంటి ఆచారంగా పాటించే భూస్వాములు ఎంతోమంది అదే ఎర్ర బెంచీల మీద కూర్చునేవారు. వాళ్ళ ముఖం మీదే ఆ మాట అనాలి, అని మళ్ళీ వాళ్ళతో కలిసి టీ తాగాలి. 1982లో ఫాక్‌లాండ్స్ దీవుల కోసం అర్జెంటీనాతో యుద్ధానికి నౌకలు బయల్దేరినప్పుడు దేశమంతా ఒక ఊపులో ఉంది. సోపర్ 1940లో ఏం చెప్పారో అప్పుడూ అదే చెప్పారు. మూర్ఖపు పట్టుదల అన్నవాళ్ళున్నారు. ఓట్లతో గెలవలేని వాదన అది. ఓడిపోతామని తెలిసి కూడా ఎదుటివారి ముందు నిలబడి, వాళ్ళకు అర్థమయ్యేలా, వాళ్ళను తిట్టకుండా వాదించడం ఎలాగో ఆయన చేసి చూపించారు.

ఆయనకు అక్కడ ఒక తోడు కూడా దొరికింది. స్కాట్లాండు చర్చికి చెందిన జార్జ్ మెక్లౌడ్ 1967లో సభలోకి వచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి మిలిటరీ క్రాస్ పతకం అందుకుని, ఆ తర్వాత శాంతివాదిగా మారిన మనిషి. అయోనా దీవిలో పాడుబడ్డ మఠాన్ని పనిలేని కూలీల చేత, చదువుకునే పాస్టర్ల చేత తిరిగి కట్టించారు. ఇద్దరు పాస్టర్లు, ఇద్దరూ ఆయుధాలు వద్దనేవాళ్ళు, ఆ సభలో ఒకే కాలంలో ఉండటం అరుదైన సంగతి. మెక్లౌడ్ 1991లో వెళ్ళిపోయారు.

గోడెక్కి జనంతో వాదించే సోపర్ పద్ధతి ఎందుకు కనుమరుగైందని అడిగితే నాకు ముందుగా తోచేది రేవులు. టవర్ హిల్‌ను ఆనుకునే ఉన్న సెంట్ కాథరిన్స్ డాక్స్ 1968లో మూతపడ్డాయి. ఆ పక్క లండన్ డాక్స్ కూడా ఆగిపోయాయి. ఓడలు నది దిగువన టిల్‌బరీ వైపు వెళ్ళిపోయాయి. మధ్యాహ్నం గంట కొట్టగానే రొట్టె ముక్క చేతబట్టుకుని వచ్చి, నోరారా అడ్డం తిరిగే కార్మికుడు అక్కడి నుంచి మాయమయ్యాడు. పాస్టరు ఉన్నారు, గోడ ఉంది, కానీ ఎదురు మాట్లాడేవాడు తగ్గిపోయాడు. ఇలాంటి కళకు గొంతు కన్నా ప్రాణం వినేవాడిలో ఎక్కువ ఉంటుంది. అందరూ పాస్టరును పొగుడుతారు గాని, ఆయనకు అంత పదును పెట్టిన ఆ పేరు తెలియని గొంతులకూ ఇందులో వాటా ఉంది. తర్వాత కింగ్స్‌వే హాల్ మూతపడింది. సోపర్ పోయిన 1998లోనే దాన్నీ పడగొట్టారు. ఇప్పుడు అక్కడ హోటల్ ఉంది.

ప్రభువుల సభలో మతగురువుల గొంతు ఆగిపోలేదు, ఆ మాట అనడం అన్యాయం. 1988లో ఇమ్మాన్యుయెల్ జాకోబోవిట్స్ వచ్చారు, సభలో తొలి యూదు రబ్బీ ఆయనే. 2009లో జొనాథన్ శాక్స్ వచ్చారు, చదువు గురించీ మత సహనం గురించీ ఆయన మాట్లాడితే సభ చెవులు రిక్కించేది. సిక్కుల తరఫున ఇందర్‌జిత్ సింగ్ 2011లో వచ్చారు. సోపర్ సొంత సంఘం నుంచి కేథ్లీన్ రిచర్డ్‌సన్, లెస్లీ గ్రిఫిత్స్ వచ్చారు. అందరూ గౌరవనీయులే, కొందరి ప్రసంగాలు సోపర్ ప్రసంగాల కన్నా లోతైనవి కూడా. శాక్స్, సింగ్ ఇద్దరూ ఉదయపు రేడియోలో కొన్ని నిమిషాల ఆధ్యాత్మిక ప్రసంగాలతో ఇంటింటికీ తెలిసినవారు. ఆ తరం మాట రాసుకుని, దిద్దుకుని, గడియారం చూసి చెప్పే మాట. సభ కూడా అలాగే మారింది. మాట్లాడాలనుకునేవారు పెరిగి, చాలా చర్చల్లో ఒక్కొక్కరికి నిమిషాల లెక్కన సమయం పంచుతున్నారు. నాలుగైదు నిమిషాలే ఇస్తే ఎవరైనా కాగితమే తీస్తారు. తప్పు పట్టలేం. ఎదుటివాణ్ణి మధ్యలో లేచి ప్రశ్న అడగనిచ్చి, దాన్ని ఇష్టంగా స్వీకరించి, అక్కడికక్కడే తన మాటను సరిచూసుకునే ఓపికకు మాత్రం ఆ లెక్కలో చోటు లేదు.

వారసత్వపు ప్రభువుల్లో చాలామందిని ఇంటికి పంపుతూ 1999 నవంబరులో చట్టం వచ్చింది. సోపర్ పోయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. ఆ చట్టం 92 మంది వారసులను అలాగే ఉంచింది, 26 మంది బిషప్పుల జోలికి అసలు వెళ్ళలేదు. ఆయన ఉండి ఉంటే హర్షించేవారే, ఆ వచ్చే బుధవారం మాత్రం 92 లెక్క ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పమని టవర్ హిల్ మీద నిలదీసేవారు.