ఘంటసాల: జోలె పట్టి సంగీతం నేర్చుకున్నాడు.. తెలుగువాళ్ల గొంతు అయ్యాడు!

అరకు పార్లమెంటు నియోజకవర్గంలో సాలూరు ఓ సెగ్మెంట్. విజయనగరం నుంచి వచ్చే రోడ్డు సాలూరు దాటగానే ఘాట్ ఎక్కి ఒడిశా వైపు వెళ్లిపోతుంది. ఈ మన్యం ఊరు పేరుతోనే ఓ సంగీత గురువు ప్రసిద్ధి. ఆయనే పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరి చినగురువు గారంటే అప్పట్లో తెలియనివాళ్లు లేరు. ఆ గురువు చేరదీసిన ఓ పేద కుర్రాడే తర్వాత తెలుగు సినిమాను పాతికేళ్లకు పైగా ఏలాడు. పేరు ఘంటసాల వెంకటేశ్వరరావు.

ఆ గొంతు మూగబోయి 50 ఏళ్లు దాటింది. అయినా ఏటా ఫిబ్రవరి 11న వర్ధంతికి, డిసెంబర్ 4న జయంతికి అభిమానులు ఊరూరా ఆయన పాటలతోనే నివాళులు అర్పిస్తుంటారు. ఇంతకీ ఆ గొంతు వెనక ఎంత ఆకలి ఉందో తెలుసా?

తండ్రికి ఇచ్చిన మాట

ఘంటసాల 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూరయ్య మృదంగం వాయించేవారు, భజనలు పాడేవారు. కొడుకును భుజాన ఎక్కించుకుని భజనలకు తీసుకెళ్లేవారు. ఘంటసాలకు పదకొండేళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. పోయే ముందు కొడుకును అడిగింది ఒక్కటే.. గొప్ప సంగీత విద్వాంసుడు కావాలని.

ఆ మాట కోసం కుర్రాడు చాలా పాట్లు పడ్డాడు. సంగీతం నేర్పుతారని కొందరి ఇళ్లలో చేరితే పాట కంటే పనే ఎక్కువైంది. చివరికి చేతికున్న ఉంగరం అమ్మేసి, ఆ డబ్బుతో విజయనగరం బండెక్కాడు.

విజయనగరంలో మధుకరం

అప్పుడు విజయనగరం సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్ వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు. గాత్రం చెప్పేది పట్రాయని సీతారామశాస్త్రి. ఊరుకాని ఊళ్లో కుర్రాడికి నిలువ నీడ కష్టమైంది. తోటివాళ్లు చేసిన తప్పు కూడా అతని మీదే పడింది. పాపం, ఆ టైమ్‌లో ఇంటికి పిలిచి పాఠం చెప్పింది శాస్త్రి గారే.

గురువు కూడా డబ్బున్నవారేం కాదు. పైసా తీసుకోకుండా విద్య చెప్పారు. తిండికి మాత్రం మధుకరం దారి చూపించారు. అంటే జోలె పట్టుకుని ఇంటింటికీ వెళ్లి అన్నం అడిగి తెచ్చుకోవడం. సంగీతం కోసం ఘంటసాల అదీ చేశారు. సిగ్గు పడలేదు.

ఈ రుణం ఆయన మర్చిపోలేదు. గురువు గారి కుమారుడు పట్రాయని సంగీతరావు మద్రాసులో ఘంటసాలకు సహాయకుడిగా చేరి, చివరి వరకూ వెంటే ఉన్నారు. సాలూరి బాణీ అలా సినిమా పాటల్లోకి నడిచొచ్చింది.

జైలు నుంచి మద్రాసుకి

1942 క్విట్ ఇండియా ఉద్యమంలో పాల్గొని ఘంటసాల బళ్లారి అలీపూర్ జైలుకు వెళ్లారు. 1944లో సావిత్రితో పెళ్లయింది. ఆ తర్వాత సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు చేరారు. వెంటనే ఎర్ర తివాచీ ఏం పరవలేదు. చిన్నాచితకా వేషాలు, కోరస్‌లు.. అన్నీ చేశారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడిన పాట ఆయన్ను నిలబెట్టింది.

ఇక అక్కడి నుంచి వెనక్కి చూసింది లేదు. ఎన్టీఆర్‌కి, ఏఎన్నార్‌కి ఇద్దరికీ ఆయనే పాడారు. ఎవరి గొంతు వాళ్లదే అనిపించడం ఆయన గొప్పతనం. సంగీత దర్శకుడిగా వందకు పైగా సినిమాలు చేశారు. కానీ నిర్మాతగా మాత్రం దెబ్బ తిన్నారు. పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు తీసి డబ్బులు పోగొట్టుకున్నారు. పాడి సంపాదించింది అటు పోయింది. 1970లో పద్మశ్రీ వచ్చింది.

కొత్తగా వినేవాళ్లకు.. ఇవి మిస్ అవ్వొద్దు

పాతాళ భైరవి (1951): పాడటమే కాదు, ట్యూన్లూ ఆయనవే. మొదలుపెట్టడానికి ఇదే బెస్ట్.

దేవదాసు (1953): సీఆర్ సుబ్బరామన్ సంగీతం. తాగినవాడి దుఃఖం గొంతులో ఎలా పలుకుతుందో ఇందులో వినాలి.

మాయాబజార్ (1957): పి.లీలతో పాడిన వెన్నెల్లో పడవ పాట ఒక్కటి చాలు.

జగదేకవీరుని కథ (1961): పెండ్యాల స్వరపరచిన శివశంకరీ పాట. దర్బారీ కానడ రాగం. తెర మీద ఐదుగురు ఎన్టీఆర్‌లు కనిపిస్తారు, వినిపించేది ఒక్క ఘంటసాల. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.

లవకుశ (1963): కుటుంబమంతా కూర్చుని వినే ఆల్బమ్. పద్యం ఎలా పాడాలో దీన్ని చూసే చాలామంది నేర్చుకున్నారు.

పుష్పవిలాపం: సినిమా కాదు, కరుణశ్రీ పద్యాలు. కోసిన పువ్వు మాట్లాడితే ఎలా ఉంటుందో ఘంటసాల వినిపించారు. పువ్వు కోయబోయి ఆగిన చేతులెన్నో!

ఆఖరి కోరిక.. భగవద్గీత

1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో కచేరీ చేస్తుండగా గుండెనొప్పి వచ్చింది. అప్పటికే షుగర్ ఉంది. ఆసుపత్రి నుంచి బయటికొచ్చినా ఒంట్లో శక్తి తగ్గింది. కానీ మనసులో ఒకే ధ్యాస.. భగవద్గీత పాడాలి. ఎంచిన శ్లోకాలకు తెలుగు తాత్పర్యం జోడించి రికార్డు చేశారు. అది పూర్తయ్యాక ఇక సినిమా పాటలు వద్దనుకున్నారు కూడా.

1974 ఫిబ్రవరి 11న మద్రాసులో కన్నుమూశారు. వయసు 51 ఏళ్లే. గీత రికార్డు మార్కెట్లోకి వచ్చేసరికి పాడిన మనిషి లేడు.

ఇప్పుడు ఆ గీత వినిపిస్తే చాలు, ఎవరైనా పోయారా అని జనం అడుగుతారు. చావు ఇంటి దగ్గర మైకులో పెట్టడం అలవాటైపోయింది. అభిమానుల బాధ కూడా ఇదే. గీత చెప్పేది చావు గురించి కాదు, భయం వదిలి చేయాల్సిన పని చేయమని. జోలె పట్టిన రోజు నుంచి ఊపిరి సన్నగిల్లిన రోజు దాకా ఘంటసాల చేసింది అదే. ఓ పొద్దున్నే, ఇంట్లో అంతా బాగున్న రోజున, ఆ గీత ఒకసారి పెట్టి వినండి. అప్పుడు తెలుస్తుంది ఆ గొంతు ఏంటో.