రాయవేలూరి డాక్టరు పాల్ బ్రాండు

మన తెలుగువాళ్ళకు రాయవేలూరు అంటే ఆస్పత్రి. చిత్తూరు, కడప ప్రాంతాల పల్లెల్లో జబ్బు ముదిరి స్థానిక వైద్యం చాలదని తోచినప్పుడు కాట్పాడి రైలెక్కడం తరతరాలుగా ఉన్న అలవాటు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా ఆ సీమలో చాలా భాగం ఉత్తర ఆర్కాడులోనిదే గనుక, ఆ ఊరి వీధుల్లో తెలుగు వినబడడం వింత కాదు. 1900లో అయిడా స్కడ్డరు అనే అమెరికన్ మహిళ ఒకే ఒక మంచంతో ఆరంభించిన వైద్యశాల క్రమంగా పెద్ద వైద్య కళాశాల అయింది. ఆ కళాశాలలో ఇరవై యేండ్లపాటు పనిచేసిన ఎముకల వైద్యుడు డాక్టరు పాల్ బ్రాండు. కుష్ఠువ్యాధిని గురించి లోకమంతా నమ్మిన ఒక మాట నిజమో కాదో ఓపికగా తేల్చి చూపినవాడాయన.

ఆ వ్యాధి పేరు ఎత్తడానికే మన పెద్దలు జంకేవారు. పెద్దరోగం అనేవారు. పూర్వజన్మ పాపమని కొందరు, సర్పదోషమని కొందరు, రక్తంలో వంశపారంపర్యంగా వస్తుందని మరికొందరు. ఒక ఇంట్లో తాతకు ఉండేదని తెలిస్తే ఆ ఇంటి మనుమరాలికి సంబంధం కుదిరేది కాదు. నార్వే దేశపు హాన్సెను 1873లోనే దీనికి మూలం ఒక సూక్ష్మక్రిమి అని కనిపెట్టాడు. పాపమూ వంశమూ అనే మాటలకు సమాధానం అప్పుడే దొరికినట్టు లెక్క, మనం విన్నా వినకపోయినా. అయితే మూడో నమ్మకం ఒకటి మిగిలింది. ఈ జబ్బు వస్తే మాంసం తనంతట తానే కుళ్ళి, వేళ్ళు ఊడి రాలిపోతాయనేది ఆ నమ్మకం. ఇది పామరులు మాత్రమే అనుకున్నది కాదు. చదువుకున్న వైద్యులు కూడా అంతే అనుకున్నారు. అది చెడిన మాంసం, కత్తి పెడితే గాయం మానదు అని శస్త్రవైద్యులు ఆ రోగుల చేతులను ముట్టుకోకుండా వదిలేశారు.

బ్రాండు 1914 జూలై 17న కొల్లిమలై కొండల్లో పుట్టారు. తండ్రి జెస్సీ, తల్లి ఎవెలిన్ అక్కడ క్రైస్తవ ప్రచారకులు. పిల్లవాడు కొండవాళ్ళ పిల్లలతో చెట్లెక్కుతూ, తమిళం మాట్లాడుతూ పెరిగాడు. ఒకసారి ముగ్గురు కుష్ఠురోగులు వస్తే తండ్రి వాళ్ళ పాదాలకు కట్లు కట్టడం, పిల్లలను ఆ దరిదాపులకు పోనివ్వకపోవడం ఆయనకు చివరిదాకా జ్ఞాపకం. తొమ్మిదో యేట చదువుకోసం ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి విషజ్వరంతో కొండమీదే కన్నుమూశాడు. చనిపోయాడని తంతి వచ్చిన తరువాత కూడా ఆయన అంతకు ముందు రాసిన ఉత్తరాలు ఓడమీద వస్తూనే ఉన్నాయి.

చీమూ నెత్తురూ చూస్తే ఆ కుర్రవాడికి వెగటు. అందుచేత వైద్యం వద్దనుకుని వడ్రంగమూ తాపీపనీ నేర్చాడు. ఆ పనితనం వృథా పోలేదు, ముందు ముందు చూస్తాం. తరువాత మనసు మారి లండనులో వైద్యం చదివి, యుద్ధకాలంలో బాంబుదాడుల్లో దెబ్బతిన్నవారికి శస్త్రచికిత్స చేశారు. సహాధ్యాయిని మార్గరెట్టును 1943లో పెళ్ళాడి, 1946లో వేలూరు చేరారు.

మరుసటి సంవత్సరం డాక్టరు రాబర్టు కాక్రేను తమ చెంగల్పట్టు కుష్ఠువైద్యశాల చూపించడానికి ఆయనను తీసుకుపోయారు. కాక్రేను చర్మవ్యాధుల నిపుణుడు. మచ్చలను గురించి వివరిస్తున్నాడు. బ్రాండు చూపు మాత్రం గోళ్ళలా ముడుచుకుపోయిన చేతులమీదనే ఉంది. అవి ఎందుకిట్లా అయినవని అడిగితే, చర్మవైద్యునికి తెలియదు, ఎముకల వైద్యులెవరూ ఇటు రాలేదు అని తేలింది. ఒక యువకుడి వంకర చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు బ్రాండు. పట్టు ఉండదనుకున్నారు. వాడు నొక్కిన నొక్కుకు ఆయన బాధతో చెయ్యి లాక్కోవలసి వచ్చింది. కుళ్ళిన చేతికి అంత బలం ఎక్కడిది? ఆనాటి నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు.

రోగులను వరుసగా పరీక్షించి, ఏ కండరం పనిచేస్తున్నది, ఏది చచ్చుబడింది అని పట్టికలు వేశారు. ఎవరిని చూసినా దాదాపు ఒకే వరస. చేతిలోని చిన్న కండరాలు పడిపోతాయి, ముంజేతి పెద్ద కండరాలు చెక్కుచెదరవు. కుళ్ళు అయితే ఇంత క్రమంగా ఉండదు కదా! చనిపోయిన ఒక రోగి దేహాన్ని పరీక్షించే అవకాశం దొరికినప్పుడు రాత్రివేళ కూర్చుని నరాలను మొదటినుంచి చివరిదాకా విప్పి చూశారు. మోచేతి పైన, మణికట్టు దగ్గర, మోకాలి పక్క, చీలమండ దగ్గర, అంటే నరం చర్మానికి దగ్గరగా వచ్చి చల్లబడేచోట మాత్రమే అది ఉబ్బి ఉంది. ఆ క్రిమికి చల్లనిచోటే అనుకూలం. ఇక పుండుపడ్డ వేళ్ళనుంచి తీసిన తునకలను పరీక్షశాలకు పంపితే, స్పర్శనిచ్చే నరాలు లేకపోవడం తప్ప ఆ మాంసంలో దోషం కనిపించలేదు. సరిగా కాపాడితే అందరి గాయాలలాగే మానుతుంది.

దానితో శస్త్రచికిత్సకు దారి ఏర్పడింది. పనిచేస్తున్న కండరపు స్నాయువును మళ్ళించి చచ్చుబడిన వేళ్ళకు కలిపితే, ముడుచుకున్న చెయ్యి విచ్చుకుంది. సాధన చేస్తే అన్నం కలుపుకోవచ్చు, కలం పట్టవచ్చు. ఇక్కడ ఎవరూ ఊహించని చిక్కు వచ్చింది. చేతులు బాగుపడ్డ ఒకడు కొన్నాళ్ళకు తిరిగివచ్చి, ఈ చేతులు చూసి ఎవరూ ముష్టి వెయ్యడం లేదని, పెద్దరోగం వచ్చినవాడని పని కూడా ఇవ్వడం లేదని మొరపెట్టుకున్నాడు. చెయ్యి ఇచ్చినంత మాత్రాన చాలదని బ్రాండుకు అప్పుడు తెలిసింది. కళాశాల ఆవరణలోనే మట్టి గుడిసెలు వేయించి, నవజీవన నిలయమని పేరుపెట్టి, పిల్లలకు వడ్రంగం నేర్పసాగారు. పంతులు ఆయనే.

ఆ వడ్రంగిశాలలోనే అసలు రహస్యం బయటపడింది. తుప్పుపట్టిన తాళం తియ్యలేక బ్రాండు అవస్థపడుతుంటే, ఒక పిల్లవాడు వచ్చి తాళంచెవి అవలీలగా తిప్పేశాడు. చూస్తే వేలు ఎముకదాకా తెగి నెత్తురు కారుతున్నది. వాడికి తెలియనే లేదు. నొప్పి తెలిస్తే మనం చెయ్యి తీసేస్తాం. నొప్పి తెలియనివాడు ఎముక కనబడేదాకా తిప్పుతాడు, పొయ్యిమీది గిన్నె వట్టి చేత్తో దించుతాడు, చెప్పులో మేకు దిగినా నడుస్తూనే ఉంటాడు. గాయంలో చీము చేరి, ఎముక కరిగి, వేలు పొట్టిదవుతుంది. వేళ్ళు రాలిపోవడం లేదు. దెబ్బకు దెబ్బ తగిలి అరిగిపోతున్నాయి. అది మొదలు ఆ నిలయంలో ప్రతి గాయానికీ కారణం చెప్పి తీరాలని నియమం పెట్టారు.

చాలావాటికి కారణం దొరికింది. కొన్నింటికి దొరకలేదు. రాత్రి పడుకునేటప్పుడు నిక్షేపంగా ఉన్న వేలు తెల్లవారేసరికి కొస లేకుండా ఉండేది. ఇక్కడితో పాత నమ్మకమే గెలిచిందని ఎవరైనా అనవచ్చు. బ్రాండు అనలేదు. రాత్రిపూట కాపలా పెట్టించారు. నిద్రపోతున్నవాడి మంచం మీదికి ఎలుక ఎక్కి వేలు కొరుకుతూ కనబడింది. నొప్పి లేదు గనుక నిద్ర చెదరలేదు. నిలయంలో పిల్లులను పెంచారు. ఇంటికి వెళ్ళే రోగి పిల్లిని కూడా తీసుకువెళ్ళాలని ఏర్పాటు చేశారు. ఇన్ని శతాబ్దాల దైవశిక్షలో కొంత భాగం ఎలుకల పని అని తేలడం నాకైతే నవ్వూ ఏడుపూ రెండూ తెప్పిస్తుంది.

కంటిచూపు పోవడానికీ ఇదే కారణమని కంటివైద్యం చేసిన మార్గరెట్టు చూపారు. స్పర్శ లేని కన్ను రెప్ప ఆర్పదు, ఎండిపోతుంది.

బ్రాండు భయం ఎరగని మనిషి అనుకుంటే పొరపాటు. ఒకసారి అమెరికా ప్రయాణం ముగించి లండను చేరిన రాత్రి, మేజోడు విప్పుతుండగా మడమ మొద్దుబారినట్టు తోచింది. సూదితో పొడిచారు. తెలియలేదు. తనకూ వచ్చిందనుకుని రాత్రంతా కుటుంబానికి దూరమయ్యే బ్రతుకును ఊహించుకుంటూ గడిపారు. తెల్లవారి మళ్ళీ పొడుచుకుంటే ప్రాణం జివ్వుమన్నది. రైలులో కాలు కదపకుండా కూర్చున్నందువల్ల నరం నొక్కుకుపోయింది, అంతే. అంత తెలిసినవాడికే ఆ రాత్రి అట్లా గడిచిందంటే, తెలియనివాళ్ళ మాట చెప్పాలా?

వేలూరికి కొద్ది మైళ్ళలో ఉన్న కరిగిరిలో 1955లో షెఫలిన్ పేర కుష్ఠు పరిశోధనాలయం వెలసింది. అక్కడ శస్త్రచికిత్సతోపాటు మెత్తని రబ్బరు చెప్పులు కుట్టడం కూడా విద్య అయింది. అరికాలి పుండు క్రిమివల్ల కాక నడకలోని ఒత్తిడివల్ల మానడం లేదని, పట్టీ వేసి కాలికి విశ్రాంతి ఇస్తే మానుతుందని చూపారు. మగ్గాలకూ అగ్గిపెట్టెల పరిశ్రమకూ పేరుపడ్డ గుడియాత్తం తాలూకాలో కరిగిరి కార్యకర్తలు ఊరూరా తిరిగి, స్పర్శలేని మచ్చలకోసం ఒక్కొక్కరినీ పరీక్షించి మందులిచ్చారు. వికలాంగుడయ్యాక ఆస్పత్రికి రావడం కాదు, మచ్చ దశలోనే వైద్యుడు ఇంటికి రావడం. 1980 దశకంలో వచ్చిన బహుళ ఔషధ చికిత్సతో ఆరు నెలల్లోనో యేడాదిలోనో జబ్బు నయమవుతున్నది. మందు ఉచితం. నూటికి తొంభై అయిదుమందికి పైగా ఈ క్రిమిని సహజంగానే తట్టుకోగలరు. అయినా హిందూ వివాహ చట్టంలో విడాకుల కారణాలలో కుష్ఠు 2019 దాకా ఉండిపోయింది. గుడిసెలో ఎలుకను పట్టడం కంటె చట్టపు పుస్తకంలో మాట కొట్టెయ్యడానికి ఎక్కువ కాలం పట్టింది.

1960లో లాస్కరు బహుమానం, మరుసటి యేడు బ్రిటిషు ప్రభుత్వ బిరుదు వచ్చాయి. 1960 దశకం మధ్యలో బ్రాండు అమెరికాలోని కార్విల్ ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ మధుమేహరోగుల పాదాలను చూస్తే, వేలూరులో చూసిన పుండ్లే మళ్ళీ కనబడ్డాయి. చక్కెర ఎక్కువై స్పర్శ పోయిన పాదం, కుష్ఠులో స్పర్శ పోయిన పాదం, గాయపడే తీరు ఒక్కటే. మధుమేహులు రోజూ అరికాళ్ళు చూసుకోవాలని, చెప్పు తొడిగేముందు లోపల తడిమి చూడాలని ఈనాడు వైద్యులు చెప్పే జాగ్రత్తల వెనుక ఆయన పని చాలా ఉంది. మనలో ఇంటికొకరు అనదగినంతగా ఆ జబ్బు ఉన్నది కాబట్టి ఇది గమనించతగిన సంగతి. రోగి వస్తే ఆయన ముందు పాదం చేతుల్లోకి తీసుకుని అంగుళం అంగుళం తడిమేవారు. పుండు పడబోయేచోటు ముందుగా వేడెక్కుతుంది. యంత్రాలు వచ్చిన తరువాత కూడా ఆ వేడిని తన అరచేతితో వెతకడం మానలేదు. 2003 జూలై 8న సియాటిల్ నగరంలో, ఎనభై ఎనిమిదో యేట కన్నుమూశారు.