పరదేశపు పురుగును పసిగట్టిన రైలీ

పైరును పీడించే పురుగును చంపినవానికి లోకం హారతి పడుతుంది. ఆ పురుగు పొలిమేర దాటి వస్తున్నదని ముందుగా చెప్పినవాని మాటను మాత్రం ఎవరూ చెవిని పెట్టరు. చార్లెస్ వాలెంటైన్ రైలీ ఈ రెండు అనుభవాలనూ చవిచూశాడు.

ఆయన 1843 సెప్టెంబరు 18న లండన్ నగరంలో జన్మించాడు. ఫ్రాన్సులోను, జర్మనీలోను విద్యాభ్యాసం జరిగింది. చిత్రలేఖనంలో అందెవేసిన చేయి. పదిహేడవ యేట అమెరికా చేరి, ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఒక వ్యవసాయక్షేత్రంలో పనికి కుదిరాడు. తరువాత షికాగోలో వ్యవసాయ పత్రికకు వ్రాస్తూ, 1868లో మిస్సోరీ రాష్ట్రానికి ప్రథమ కీటకశాస్త్రాధికారిగా నియుక్తుడయ్యాడు. అక్కడ ఆయన వెలువరించిన తొమ్మిది వార్షిక నివేదికలను డార్విన్ అంతటివాడు మెచ్చుకున్నాడు.

ఆ రోజులలో ఫ్రాన్సు దేశపు ద్రాక్షతోటలు కారణం తెలియకుండా ఎండిపోతున్నాయి. 1868లో ప్లాంషాన్ అనే ఆచార్యుడు చచ్చిన తీగల పక్కన ఇంకా పచ్చగా ఉన్న తీగను పెరికించి చూడగా, వేళ్ళపై కంటికి ఆనీ ఆనని పసుపుపచ్చని పేలవంటి పురుగులు కనిపించాయి. అదే ఫిల్లోక్సెరా. ఇది అమెరికాలో ద్రాక్ష ఆకులపై బుడిపెలు కట్టించే పురుగేనని రైలీ గ్రహించి, 1871లో స్వయంగా ఫ్రాన్సు వెళ్ళి నిర్ధారణ చేసుకున్నాడు. వేడుకకు, పరిశోధనకు తెప్పించుకున్న అమెరికా తీగల వెంట ఆ పురుగు సముద్రం దాటింది. తరతరాలుగా దానితో కలిసి పెరిగిన అమెరికా తీగల వేళ్ళు దాని కాటుకు ఓర్చుకోగలవు. ఐరోపా తీగలకు ఆ శక్తి లేదు. కనుక అమెరికా వేరుపై ఫ్రాన్సు కొమ్మను అంటు కట్టడమే మార్గమైంది. ఈ ఉపాయం ఒక్క రైలీది కాదు; ఫ్రెంచి శాస్త్రజ్ఞులకూ అందులో భాగముంది. మిస్సోరీ నుండి తీగలు ఓడలకెక్కాయి. ఫ్రాన్సు ఆయనకు బంగారు పతకమిచ్చి గౌరవించింది. ఈ విపత్తు కారణంగానే 1878లో బెర్న్ నగరంలో పలు దేశాలు కూడి, మొక్కల రాకపోకలపై ఆంక్షలు విధిస్తూ ఒడంబడిక చేసుకున్నాయి.

ఆయన చేసిన మరొక పని కథలకెక్కలేదు. ఫ్రాన్సు నుండి వచ్చిన ట్రూవెలో అనే చిత్రకారుడు మసాచుసెట్స్ లోని మెడ్‌ఫర్డ్ లో పట్టుపురుగుల పెంపకంపై ప్రయోగాలు చేస్తూ, ఐరోపా నుండి ఒక చిమ్మట గుడ్లు తెచ్చాడు. 1869 ప్రాంతంలో కొన్ని గొంగళిపురుగులు తప్పించుకుపోయాయి. ఇట్టి పురుగు దేశంలో ప్రవేశించిందని రైలీ 1870లోనే తన పత్రికలో వ్రాశాడు. తెచ్చినవాని పేరు చెప్పలేదు. నింద మోపడం ఆయన ఉద్దేశం కాదు. చదివినవారు చదివి పుట తిప్పారు. సుమారు ఇరవై ఏళ్ళు గడిచాయి. 1889లో మెడ్‌ఫర్డ్ వీథులలో చెట్లు ఆకు లేకుండా మోడులయ్యాయి. గొంగళిపురుగులు గోడలెక్కి ఇళ్ళలో ప్రవేశించాయి. 1900 లోగా ఆ రాష్ట్రం పది లక్షల డాలర్లకు పైగా వ్యయం చేసినా చిమ్మట నశించలేదు. నేటికీ అది అమెరికా అడవులలో ఉన్నది. మెడ్‌ఫర్డ్ లో ఒక పెరటికి పరిమితమై ఉన్ననాడు దానిని తుడిచివేయడానికి ఎంత ఖర్చయ్యేదో విద్యార్థులు ఊహించుకోవచ్చు.

ఇక ఆయనకు కీర్తి తెచ్చిన ఘట్టం. ఆస్ట్రేలియా తుమ్మ మొక్కల వెంట 1868 ప్రాంతంలో కాలిఫోర్నియా చేరిన దూది వంటి పొలుసు పురుగు 1880 తరువాత నారింజ తోటలను నాశనం చేసింది. రైతులు చెట్లను నరికి తగులబెట్టుకున్నారు. స్వదేశంలో నిరపాయంగా ఉన్న పురుగు పరదేశంలో ఇంత చెలరేగడానికి కారణం, దాని శత్రువు దాని వెంట రాకపోవడమేనని రైలీ తర్కించాడు. అప్పటికి ఆయన కేంద్ర ప్రభుత్వ కీటకశాస్త్రాధికారి. తన శాఖవారి విదేశయానానికి శాసనసభ ధనమివ్వలేదు. మెల్బోర్న్ ప్రదర్శనకు కేటాయించిన నిధులతో ఆల్బర్ట్ కోబెలీ అనే సహాయకుణ్ణి 1888లో ఆస్ట్రేలియా పంపించాడు. కోబెలీ పంపిన ఎర్రని అక్షింతల పురుగులలో మొదటి 129ని లాస్ ఏంజెలెస్ లో గుడారం కప్పిన ఒక నారింజ చెట్టుపై వదిలారు. కొద్ది నెలలలో చెట్టు శుభ్రమైంది. ఏడాదిన్నర తిరిగేసరికి తోటలు కోలుకున్నాయి. రైతులు కోబెలీకి బంగారు గడియారం బహూకరించారు. కీర్తిలో తన వాటా తగ్గిందని రైలీ నొచ్చుకున్నాడు. పండితులకూ ఈ బలహీనత తప్పదు కాబోలు!

ఈ అక్షింతల పురుగు దాదాపు ఆ పొలుసు పురుగు జాతినే తిని బ్రతుకుతుంది. అందుచేతనే ఉపాయం ఫలించింది. ఈ వివేకం లేక, 1935లో చెరకు పురుగులను తింటుందని ఆస్ట్రేలియాకు తెచ్చిన కప్ప తానే ఉపద్రవమైంది.

1895 సెప్టెంబరు 14న వాషింగ్టన్ లో కుమారునితో సైకిలుపై పోతుండగా, దారిలో పడి ఉన్న రాయి తగిలి రైలీ తలకు బలమైన గాయమైంది. ఆనాడే మరణించాడు. నాలుగు రోజులైతే యాభై రెండేళ్ళు నిండేవి. విదేశీ మొక్కలను తనిఖీ చేసే శాసనం అమెరికాలో 1912లో గాని రాలేదు. మన దేశంలో 1914లో వచ్చింది. అయినా 1928లో ఆ పొలుసు పురుగే నీలగిరులలో కనిపించింది. మనవారు కూడా ఆ ఎర్రని అక్షింతల పురుగునే విదేశం నుండి తెప్పించుకోవలసి వచ్చింది.