సముద్రవసంతమును లెక్కించిన స్వెర్డ్రుప్ పండితుడు

మన అనంతగిరి కొండలపై గురిసిన వాననీరు మూసీనదియై, వాడపల్లికడ కృష్ణలో గలిసి, బంగాళాఖాతమునకు దారితీయుచున్నది. కావున సముద్రము నెన్నడును జూడని వికారాబాదు బాలునకును సముద్రముతో సంబంధము లేకపోలేదు. ఆ సముద్రమునకును వసంతఋతువు గలదనియు, దానికి లెక్క గలదనియు దెలిపిన హరాల్డ్ ఉల్రిక్ స్వెర్డ్రుప్ చరిత్రము మన విద్యార్థులు తెలిసికొనదగినది.

ఈయన 1888 సం. నవంబరు 15వ తేదీన నార్వేదేశమునందలి సోగ్‌న్‌డాల్‌లో జన్మించెను. బాల్యమున ప్రకృతిశాస్త్రమునకును ఇంటి మతబోధకును పొత్తు కుదరక మిక్కిలి మథనపడెను. ఖగోళశాస్త్రము నభ్యసింపగోరినను, 1911లో వాతావరణశాస్త్రజ్ఞుడగు బ్యెర్క్‌నెస్‌నకు సహాయకుడై, 1917లో డాక్టరు పట్టము పొందెను.

1918లో అముండ్‌సెన్ మౌడ్ అను నోడపై ఉత్తరధ్రువసముద్రమునకు బయలుదేరగా, స్వెర్డ్రుప్ శాస్త్రపరిశోధనల కధికారియై వెంట నరిగెను. మంచు ఓడను బంధించెను. 1919లో ఉత్తరములను, పరిశోధనపత్రములను గొనిపోయిన యిరువురు నావికులు త్రోవలోనే మరణించిరి. ధ్రువమును జేరు సంకల్పము నెఱవేఱలేదు. అయినను ఆయన 1925 వఱకు గాలిని, మంచును, నీటిని గొలుచుట మానలేదు.

1936 మొదలు 1948 వఱకు అమెరికాలోని స్క్రిప్స్ సముద్రశాస్త్రసంస్థ కధిపతిగా నుండి, పిమ్మట స్వదేశమునకు మరలెను. 1953లో ఆయన ప్రకటించిన చిన్న వ్యాసమే మన ప్రస్తుతవిషయము.

ఉత్తర అట్లాంటికు సముద్రము వసంతమున కొలది దినములలో పచ్చబడును. కంటికగపడని వృక్షప్లవకములు అపారముగా పెరుగుటయే దీనికి గారణము. చిన్నప్రాణులు వీనిని దిని బ్రదుకును. చేపలు వానిని దిని బ్రదుకును. మఱి యీ పచ్చదనమునకు ముహూర్తము పెట్టున దేది?

చలికాలమున పైనీరు చల్లబడి బరువెక్కి మునుగును. తుపానులు సముద్రమును మజ్జిగవలె చిలుకును. అడుగునున్న నత్రజని, భాస్వర లవణములు పైకి వచ్చునుగాని, ప్లవకములు చీకటిలోనికి గొనిపోబడును. మొక్క వెలుతురున నార్జించును. రేయింబవళ్లు శ్వాసించుచు వ్యయపఱచును. చిలుకుడు ఒక హద్దులోతును మించెనేని వ్యయమే హెచ్చగును. వసంతమున ఎండ పెరిగి, పైనీరు వెచ్చనై తేలికపడి, చల్లని నీటిపై వేఱుపొరగా నిలుచును. వేసవిలో దిగుడుబావిలో నీదువారికి పైనీరు వెచ్చగాను, కాళ్లకడ నీరు చల్లగాను దోచుట యిట్టిదే. ఆ పొర హద్దులోతుకంటె పలుచనైనప్పుడు ఆదాయము వ్యయమును మించి వికాసము మొదలగును. ఈ లెక్కను నార్వే సముద్రమున నొక వాతావరణనౌక 1949లో సేకరించిన కొలతలతో ఆయన పరీక్షించెను.

స్క్రిప్స్‌లో ఆయనకడ పనిచేసిన లాఫాండ్ 1952-53లో ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకు వచ్చి వాల్తేరు సముద్రమును శోధించెను. మనకు వెలుతురు కొఱత లేదు; లవణములే కొఱత. నదుల మంచినీరు మూతవలె బఱచుకొని అడుగునీటిని పైకి రానీయదు. వసంతమున నైరృతిగాలి తీరము వెంబడి వీచునపుడు, భూభ్రమణముచే పైనీరు ఒడ్డునుండి తొలగును. దాని తావున చల్లని సారవంతమగు నీరు పైకి వచ్చును. పొర కుదురుట అచ్చట వరము, ఇచ్చట నడ్డంకి! నేడు హైదరాబాదునందలి సముద్రసమాచారకేంద్రము ఉపగ్రహములనుండి యీ పచ్చదనమును గుర్తించి, చేపలుండు తావులను జాలరులకు దెలుపుచున్నది.

స్వెర్డ్రుప్ 1957 ఆగష్టు 21వ తేదీన ఓస్లోలో మరణించెను. ఆయన సిద్ధాంతము సర్వసమ్మతము గాదు. వృద్ధి నడిచలికాలముననే మొదలగునని 2010లో వేఱొక పండితుడు వాదించెను. అయినను స్వెర్డ్రుప్ తన యూహల నొక్కొక్కటిగా విప్పిచెప్పుటచేతనే తరువాతివారికి పరీక్షించుట సాధ్యమయ్యెను. తన తప్పును ఇతరులు కనుగొనుటకు దారి విడిచిపెట్టుట సత్యాన్వేషికి దగిన వినయము. మన ప్రయోగశాలలో నొక యుష్ణమాపకమును జదివి వ్రాసికొనునప్పుడైనను ఈ వినయమును మఱవకుందుము గాక.