క్లౌ దొరగారి బోర్డింగు పిల్లలు

కొరుక్కుపేట మీదుగా పోయే బకింగ్‌హాం కాలువను వాషర్‌మెన్‌పేటలో ఉన్న మనం తరచూ చూస్తూనే ఉంటాం. నీళ్లు నల్లబడ్డాయి, పడవలు ఎప్పుడో ఆగిపోయాయి. ఈ కాలువే ఉత్తరాన నెల్లూరు దాటి ఒంగోలు సీమకు సాగుతుంది. ఆ వైపున మూడున్నర మైళ్ల తవ్వకానికి కంట్రాక్టు తీసుకున్నది ఒక మిషనరీ అని మన పిల్లల్లో ఎందరికి తెలుసు?

డాక్టర్ జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలో, న్యూయార్కు రాష్ట్రంలో పుట్టారు. యౌవనంలో భూములు కొలిచే సర్వే పని చేశారు. 1865లో మద్రాసులో దిగి, నెల్లూరులో కొంతకాలం ఉండి, 1866లో ఒంగోలు చేరారు. అక్కడ తెరిచిన బడికి మొదట వచ్చినవారు అగ్రవర్ణాల పిల్లలు. ఇంతలో తాళ్లకొండపాడు నుండి యర్రగుంట్ల పేరయ్య గారు, ఆయన వెంట మాదిగ పల్లెల జనం రాసాగారు. వారిని చేర్చుకుంటే మా పిల్లలను మాన్పిస్తామని పెద్దలు వచ్చి చెప్పారు. ఆ రాత్రి దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదుల్లో బైబిలు తెరవగా, ఇద్దరికీ కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో ఒకే భాగం కనబడిందని మన పెద్దలు చెప్పేవారు. అగ్రవర్ణాల పిల్లలు బడి మానేశారు. దొరగారు మాత్రం వెనుకకు తగ్గలేదు.

1876-78 కరువులో పల్లెలు ఎండిపోయాయి. ఉచితంగా గంజి పోయడం కంటే పని చూపించడం మేలని ఆయన కాలువ కంట్రాక్టు పట్టారు. పాత సర్వే విద్య అక్కరకు వచ్చింది. బోధకులే మేస్త్రీలయ్యారు. అన్నం కోసం మతంలో కలిశారన్న మాట రాకూడదని, కరువు సహాయం నడిచినంత కాలం ఎవరికీ బాప్తిస్మమివ్వలేదు. ఆ తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మందికి ఇచ్చారు. ఈ సంఖ్య మనందరికీ కంఠస్థం. దాని తరువాతి కథనే మనం తక్కువగా చెప్పుకుంటాం.

వేలమంది సంఘంలో చేరారు, చదవగలిగినవారు బహు కొద్దిమంది. పల్లెలో బడి పెడదామంటే పంతులు లేడు. పొలంలో, పశువుల వెంట ఉన్న పిల్లవాడు పగలు బడికి రాలేడు. అందుకే మిషను కాంపౌండులో బాలురకూ బాలికలకూ బోర్డింగులు నడిచాయి. తిండి, చదువు, నిద్ర అన్నీ అక్కడే. చదివినవారిలో అనేకులు పల్లెలకు పంతుళ్లుగా తిరిగి వెళ్లారు. తరువాతి కాలంలో పాలస్తీనాలో వలస వచ్చిన యూదుల పిల్లలకు 1927లో బెన్ షెమెన్ వంటి యువ గ్రామాలు కట్టినప్పుడూ ఆలోచన దాదాపు ఇదే.

అయితే ఇందులో బాధ లేకపోలేదు. ఆ ఇంటికి పని చేసే రెండు చేతులు తగ్గేవి, పిల్లవాడు తల్లికి దూరమయ్యేవాడు. మేము ఉపాధ్యాయులుగా హాస్టలు పిల్లల మొదటి వారం ఏడ్పులు విన్నవాళ్లం. మంచి జరిగింది కాబట్టి ఆ తల్లుల దుఃఖం చిన్నదని అనలేము.

క్లౌ గారు 1910లో అమెరికాలో ప్రభువునందు నిద్రించారు. ఆయన జీవిత కథను భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ గారు 1914లో పుస్తకంగా తెచ్చారు. ఆ పల్లె బడుల్లో అక్షరాలు దిద్దినవారి మనుమలు కొందరు కూలి వెతుక్కుంటూ మన పేటకు వచ్చారు. సంఘం పాత పెళ్లి రిజిష్టరు తెరిస్తే, వేలిముద్రల మధ్య అక్కడక్కడ గుండ్రని తెలుగు సంతకాలు కనిపిస్తాయి.