ఎల్లాప్రగడ వారి మందు.. వారానికి ఒక్కరోజే!

మీ ఇంట్లో ఎవరికైనా కీళ్లవాతం ఉంటే మందుల డబ్బాలో మెథోట్రెక్సేట్ మాత్ర ఉండొచ్చు. ఆ మాత్ర వెనక మన తెలుగువాడు ఎల్లాప్రగడ సుబ్బారావు కృషి ఉంది. ఆయన కథ తెలిస్తే దాన్నెందుకు జాగ్రత్తగా వాడాలో కూడా మీకు తెలుస్తుంది.

సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గిపోయే స్ప్రూ జబ్బుతో ఇద్దరు సోదరులను కొద్దిరోజుల తేడాలో పోగొట్టుకున్నారు. మద్రాసులో వైద్యం చదువుతూ ఖద్దరు కట్టినందుకు ఎంబీబీఎస్‌కు బదులు ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పరిశోధనలు చేశారు. 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను తయారుచేసింది. స్ప్రూలో వచ్చే రక్తహీనతకు అది మందయింది. తోబుట్టువులకు అందనిది ఎందరికో అందింది.

ఫోలిక్ యాసిడ్ లేనిదే కణాలు రెట్టింపు కాలేవు. అందుకే దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను కూడా అదే ల్యాబ్ తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ దాన్ని రక్తక్యాన్సర్ పిల్లలకిస్తే కొందరిలో జబ్బు కొన్నాళ్లు వెనక్కి తగ్గింది. నోటిపుండ్లూ వచ్చాయి. ఎందుకంటే జబ్బు కణమేదో, మంచి కణమేదో ఆ మందుకు తెలియదు. నోరు, పేగుల పొరల్లో, ఎముక మూలుగలో వేగంగా పెరిగే కణాలన్నిటినీ అది అడ్డుకుంటుంది.

అమినోప్టెరిన్‌కు దగ్గరి చుట్టమే మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని తక్కువ మోతాదులో, వారానికి ఒక్కరోజే ఇస్తాం. మిగతా రోజుల్లో మంచి కణాలు కోలుకోవాలి.

బాల్కొండ నుంచి ఒకావిడ మా దగ్గరకొచ్చారు. పసుపు పనుల రోజుల్లో నొప్పులు తాళలేక ఈ మాత్రను రోజూ వేసుకున్నారట. నోరంతా పుండ్లు, జ్వరం, తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఫోలినిక్ యాసిడ్ ఇంజెక్షన్లతో గండం గడిచింది. చూశారా, సుబ్బారావు చేసిన విటమిన్ కుటుంబానిదే ఆ విరుగుడు!

మీరు చేయాల్సినవి:

* మాత్ర ఏ వారం వేసుకోవాలో చీటీ మీద రాయించుకోండి. ఒకసారి మరిచిపోతే రెట్టింపు వేసుకోవద్దు.
* ఫోలిక్ యాసిడ్ రాసిస్తే మానొద్దు. రెండు మాత్రలూ కలగాపులగం కాకుండా వేర్వేరుగా పెట్టుకోండి.
* చెప్పినప్పుడల్లా రక్తం, కాలేయం, కిడ్నీ పరీక్షలు చేయించుకోండి.
* నోటిపూత, జ్వరం, పొడిదగ్గు, ఆయాసం వస్తే మాత్ర ఆపి వెంటనే డాక్టరును కలవండి.
* గర్భిణులు ఈ మందు వాడకూడదు. పిల్లలు కావాలనుకునేవారు ముందే చెప్పండి.

సుబ్బారావు 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే గుండెపోటుతో కన్నుమూశారు. ఈరోజే మీ ఇంటి మందుల డబ్బా ఒకసారి తెరిచి చూడండి.