యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించెను. తండ్రి జగన్నాథము గతించిన పిమ్మట తల్లి వెంకమ్మ నగలమ్మి కుమారుని చదివించెను. పదమూడేండ్ల ప్రాయమున ఆ బాలుడు కాశిలో అరటిపండ్లమ్మి ధనమార్జింపదలచి ఇల్లు విడువగా, ఆమెయే వెనుకకు రప్పించెను. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారికి గాని గట్టెక్కలేదు.

మదరాసు వైద్యకళాశాలలో ఆయన ఖద్దరు ధరించెను. శస్త్రవైద్యాచార్యునికి అది కిట్టలేదు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే చేతికి వచ్చెను. ఆ దినములలోనే సోదరులిద్దరు కొద్దిదినముల తేడాతో మరణించిరి. స్ప్రూ అను ఉష్ణదేశపు వ్యాధిపై ఆయనకు కలిగిన పగ ఆనాటిదే.

మామగారి సాయముతోను, దాతల ధనముతోను ఆయన అమెరికా చేరెను. బోస్టనులో రాత్రులు ఆసుపత్రియందు కూలిపని చేయుచు, పగలు హార్వర్డు ప్రయోగశాలలో ఫిస్కె అను ఆచార్యుని యొద్ద పనిచేసెను. 1925లో వారిరువురు రక్తమున భాస్వరమును కొలుచు పద్ధతిని ప్రకటించిరి. అదే కొలత కండరములలోని రహస్యమును బయటపెట్టెను. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఎ.టి.పి. అను పదార్థములు వెల్లడియయ్యెను. రెండవదానిని జర్మనీలో లోమన్ కూడ వేరుగా కనుగొనెను. ఎ.టి.పి. చేతిఖర్చునకుండు రొక్కము వంటిది. ఫాస్ఫోక్రియాటిన్ దాని వెనుకనుండు నిలువ. కండరము శ్రమించినపుడు ఆ నిలువ తరుగును. విశ్రమించినపుడు మరల నిండును.

ఇంత చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి లభింపలేదు. 1940లో లెడర్లీ సంస్థకు వెళ్ళెను. ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము, బోదకాలు వ్యాధికి హెట్రజాన్, ఆరియోమైసిన్ వెలువడెను. ఫోలిక్ ఆమ్లము స్ప్రూ చికిత్సకే అక్కరకు వచ్చెను. 1948 ఆగస్టులో ఆయన న్యూయార్కున నిద్రలోనే గుండెపోటుతో మరణించెను.

ఐదేండ్లకు, 1953లో, గుండె, ఊపిరితిత్తుల పనిని యంత్రమునకప్పగించి గుండె లోపల శస్త్రచికిత్స చేయుట తొలిసారి సఫలమయ్యెను. గుండెయు కండరమే. దానిని ఆపినపుడు రక్తమందదు, నిలువ అడుగంటును. చిత్రమేమనగా, రక్తమును మరల వదలినప్పుడును హాని కలుగును. ప్రాణమిచ్చు వాయువే హానికర రూపములు దాల్చును. కాల్షియము కణములలో మితిమీరి చేరును. అందుచే వైద్యులు పొటాషియము కలిసిన చల్లని ద్రవమును గుండె నాళములలోనికి పంపి, శక్తి వ్యయము కాకమునుపే దానిని నిలిపివేయుదురు. కొన్ని దేశములలో ఆ ద్రవమున ఫాస్ఫోక్రియాటిన్‌ను కూడ కలుపుదురు. సుబ్బారావు 1927లో కండరమున కొలిచిన పదార్థము అదియే.